వాకిలి దాకా వచ్చే దైవం

హోమర్ మహాకవి రచనలుగా ప్రసిద్ధి పొందిన ఇలియడ్, ఒడిస్సీ కావ్యాలపై ఒక ఆక్షేపం తరచు వినవస్తుంది. శత్రువు విడిచిన బాణాన్ని ఒక దేవత పక్కకు మళ్ళిస్తుంది. ఓడిపోతున్న యోధుణ్ణి మరొక దేవత మంచుతెరలో దాచి రణరంగం దాటిస్తుంది. ఇంతటి దైవసహాయం ఉన్నచోట పురుషకారానికి తావెక్కడ, వీరుడు కీలుబొమ్మ కాడా అన్నది ఆక్షేపకుల ప్రశ్న. కథాసంగ్రహాలతో తృప్తిపడినవారికి ఈ సందేహం సహజమే. ఘట్టాలను నెమ్మదిగా పరిశీలిస్తే అది నిలవదు.

ఇలియడ్ ప్రథమ సర్గలో, నిండుసభలో అవమానింపబడిన అకిలీస్ మనస్సు రెండుగా చీలుతుంది: రాజైన అగమెమ్నాన్‌ను వధించాలా, క్రోధాన్ని నిగ్రహించాలా? ఖడ్గం ఒరనుంచి వెలువడుతుండగా ఎథీనాదేవి వెనుకనుంచి వచ్చి అతని జుట్టు పట్టుకుంటుంది. ఆమె అతనికి తప్ప ఎవరికీ కనబడదు. శాసించగల ఆ దేవత, నీవు వినే పక్షంలో అనే నియమంతో మాట్లాడుతుంది. నిగ్రహమనే ఆలోచన ఆమె రాకకు పూర్వమే అతని హృదయంలో ఉంది. ఆమె దానికి బలం చేకూర్చింది. ఖడ్గాన్ని తిరిగి ఒరలో ఉంచిన చేయి అకిలీస్‌దే.

ఒడిస్సీ పంచమ సర్గ ఈ విషయాన్ని మరింత విశదం చేస్తుంది. సముద్రాధిపతి పోసైడాన్ ఆగ్రహం వల్ల ఒడిస్సియస్ తెప్ప తుపానులో చిక్కుతుంది. ఒకప్పుడు మానవకాంతయై, అనంతరం దేవత్వం పొందిన ల్యూకోథియా కరుణించి తన మేలిముసుగును ప్రసాదించి, తెప్పను విడిచి ఈదమంటుంది. అతడు వెంటనే పాటించడు! ఇది మరొక దేవత పన్నిన వల కావచ్చునని శంకించి, దుంగలు కలిసి ఉన్నంతవరకు కదలరాదని నిశ్చయించుకుంటాడు. కవి ఈ శంకను అపరాధంగా చూపడు. తెప్ప ఛిన్నాభిన్నమైన పిదపనే అతడు ముసుగు కట్టుకొని నీటిలోకి దూకుతాడు. ఆ ముసుగు ప్రాణం నిలిపింది గాని శ్రమను తగ్గించలేదు. రెండు పగళ్ళు, రెండు రాత్రులు సముద్రంలోనే గడిచాయి. మూడవనాడు తీరం కనబడినా ఎదురుగా కరకు శిలలే. ఎథీనా స్ఫురింపజేసిన ఉపాయంతో ఒక శిలను రెండు చేతులా పట్టుకుంటే, వెనుదిరిగిన అల అతణ్ణి లాగివేయగా చేతుల చర్మం రాతికి అంటుకొని ఊడిపోయింది. ఉపాయం దేవతది, గాయం మానవుడిది. హోమర్‌కు ఇందులో వైరుధ్యమేమీ తోచినట్లు లేదు.

అయితే భక్తహృదయాన్ని నిజంగా కలవరపెట్టేది సహాయం అందినవారి కథ కాదు, అందనివాని కథ. ట్రాయ్ రాజకుమారుడు హెక్టర్ దైవభక్తుడు. అతడు సమర్పించిన ఆహుతులను తలచుకొని దేవతాధిపతి జ్యూస్ స్వయంగా దుఃఖిస్తాడు, కాపాడుదామా అని తోటి దేవతలను అడుగుతాడు. ఎథీనా అభ్యంతరం చెప్పగానే ఊరుకుంటాడు. విధి త్రాసులో హెక్టర్ భాగం క్రిందికి వాలగానే అపోలో అతణ్ణి విడిచిపోతాడు. ఎథీనా అంతటితో ఆగక అతని తమ్ముడు డైఫోబస్ రూపం ధరించి వంచిస్తుంది. కర్మసిద్ధాంతానికి అలవాటుపడిన పాఠకుడు ఇక్కడ ఆ న్యాయాన్ని వెదకడం వ్యర్థం. ఈ దేవతలు పక్షపాతులు, విధిని దాటడానికి జంకేవారు. వీరిని పరమాత్మతో సమానంగా ఎంచి తప్పుపట్టడం అసంగతం. భక్తి మృత్యువు నుంచి రక్షణపత్రం కాదన్న కఠోరసత్యాన్ని మాత్రం ఆ కావ్యం దాచదు. వంచన తెలిసిన క్షణంలో హెక్టర్ విలాపంలో కాలం గడపడు. ఖడ్గం దూసి అకిలీస్‌పైకి లంఘిస్తాడు. ఏ దేవతా తోడులేని ఆ లంఘనంలోనే అతని పౌరుషం శిఖరాన్ని అందుకుంది.

చివరి సర్గలో అతని తండ్రి ప్రయామ్ కుమారుని శవాన్ని విడిపించుకొనేందుకు రాత్రివేళ శత్రుశిబిరానికి బయలుదేరతాడు. హెర్మీస్ దేవుడు యువకుని రూపంలో వచ్చి రథం నడుపుతాడు, కావలివారిని నిద్రపుచ్చుతాడు, ద్వారం తెరుస్తాడు. అకిలీస్ కుటీరం ముంగిట తానెవరో తెలిపి, అక్కడినుంచే వెనుదిరిగి వెళ్ళిపోతాడు. లోపలికి ప్రవేశించినది ఆ వృద్ధుడొక్కడే. అకిలీస్ మోకాళ్ళను పట్టుకొని, తన పుత్రులనెందరినో వధించిన ఆ చేతులను ముద్దాడినదీ అతడే.