తప్పు చేసి నేర్చుకునే కాక్‌పిట్

అరక్కోణం మీదుగా తిరుత్తణికో తిరుపతికో రైల్లో వెళ్లేటప్పుడు, తక్కువ ఎత్తులో తిరిగే హెలికాప్టర్లను మన పిల్లలు కిటికీలోంచి వేలు పెట్టి చూపిస్తుంటారు. అక్కడ నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ రాజాళి వైమానిక స్థావరం ఉంది. 1992 మార్చిలో ప్రారంభమైన ఆ స్థావరంలోనే నౌకాదళ హెలికాప్టర్ పైలట్ల శిక్షణ పాఠశాల నడుస్తోంది. 22 వారాల శిక్షణ ముగించి 2024 జూన్ 7న బంగారు రెక్కల బ్యాడ్జి అందుకున్న వారిలో సబ్ లెఫ్టినెంట్ అనామికా బి. రాజీవ్ ఒకరు. నౌకాదళంలో హెలికాప్టర్ పైలట్ అయిన మొదటి మహిళ ఆమె.

నగరానికి ఇంకా దగ్గరగా, తాంబరంలో వాయుసేన ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్స్ స్కూల్ ఉంది. 1948లో అంబాలాలో మొదలై, 1954లో ఇక్కడికి వచ్చింది. పైలట్లకు పాఠం చెప్పే గురువులను తయారుచేసే బడి అది. మన భాషలో చెప్పాలంటే వారికి అది బీఈడీ కళాశాల. హైదరాబాదు దగ్గరి హకీంపేటలో వాయుసేన హెలికాప్టర్ శిక్షణ పాఠశాల ఉంది. ఇవన్నీ మనకు ఇంత దగ్గరలో ఉన్నా, మన తెలుగు బడుల పిల్లలకు మాత్రం వేరే లోకంలా కనిపిస్తాయి. ఆ దూరం నిజంగా ఎంత అన్నదే ఇప్పుడు ఆలోచించవలసిన విషయం.

మారుతున్న శిక్షణ

సైనిక దళాల్లో సిమ్యులేటర్ల వాడకాన్ని పెంచేందుకు రక్షణ మంత్రిత్వ శాఖ 2021 సెప్టెంబరులో ఒక విధాన పత్రం విడుదల చేసింది. ఖర్చు, ప్రమాదం తగ్గించి శిక్షణ వేగాన్ని పెంచడం దాని ఉద్దేశం. సిమ్యులేటర్ల రూపకల్పన, తయారీ భారతీయ సంస్థలే చేయాలన్నది అందులో ముఖ్యాంశం. హెలికాప్టర్ల విషయంలో ఈ పని అంతకు ముందే మొదలైంది. హిందుస్థాన్ ఏరోనాటిక్స్, కెనడాకు చెందిన సీఏఈ సంస్థ కలిసి బెంగళూరులో నెలకొల్పిన ‘హాట్సాఫ్’ కేంద్రంలో 2010 నుంచి హెలికాప్టర్ పైలట్లకు సిమ్యులేటర్ శిక్షణ ఇస్తున్నారు.

ఈ శిక్షణ మెట్లు మెట్లుగా సాగుతుంది. మొదట కంప్యూటర్ ముందు కూర్చుని ఇంజను, ఇంధనం, హైడ్రాలిక్ వ్యవస్థ ఎలా పనిచేస్తాయో బొమ్మల ద్వారా నేర్చుకోవాలి. ఒక్కో భాగం తరువాత పరీక్ష ఉంటుంది. అర్థం కాకపోతే వెనక్కి వెళ్లి మళ్లీ చదవవచ్చు. తరువాత మీటలు, మీటర్లు ఉన్న నమూనా కాక్‌పిట్‌లో చేతికి అలవాటు చేసుకుంటారు. చివరిది పూర్తి సిమ్యులేటర్. అసలు కాక్‌పిట్ లాంటి గది కదిలే కాళ్ల మీద నిలబడి ఊగుతుంది, ఒరుగుతుంది. కిటికీల్లో కొండలు, సముద్రం, చీకటి కనిపిస్తాయి. వెనక కూర్చున్న గురువు ఒక మీట నొక్కితే ఇంజను ఆగిపోతుంది.

ఇంజను ఆగినా హెలికాప్టర్ రాయిలా పడిపోదు. కాగితపు గాలిమర పట్టుకుని పిల్లవాడు పరుగెత్తితే రెక్కలు వాటంతటవే తిరుగుతాయి కదా! అలాగే కిందికి దిగుతున్నప్పుడు ఎదురొచ్చే గాలి హెలికాప్టర్ రెక్కలను తిప్పుతుంది. దీన్ని ఆటోరొటేషన్ అంటారు. అయితే పైలట్ ఒకటి రెండు క్షణాల్లో రెక్కల వాలు తగ్గించాలి. ఆలస్యమైతే రెక్కల వేగం పడిపోతుంది, మళ్లీ పుంజుకోదు. తోక రెక్క పూర్తిగా చెడిపోవడం లాంటివైతే నిజమైన హెలికాప్టర్‌లో సాధన చేయడానికే వీలు కాదు. సిమ్యులేటర్‌లో పదిసార్లు కూలినా పైలట్ లేచి బయటికి వస్తాడు. గురువుతో కూర్చుని ఎక్కడ పొరబడ్డాడో చూసుకుని పదకొండోసారి ఎక్కుతాడు.

కూనూరు చెప్పిన పాఠం

2021 డిసెంబరు 8న సూలూరు నుంచి వెల్లింగ్టన్‌కు బయలుదేరిన ఎంఐ-17వీ5 హెలికాప్టర్ కూనూరు దగ్గర కూలిపోయింది. జనరల్ బిపిన్ రావత్ దంపతులతో సహా అందులో ఉన్న 14 మందీ మరణించారు. వారిలో మన చిత్తూరు జిల్లా బిడ్డ లాన్స్ నాయక్ సాయితేజ ఉన్నారు. వాతావరణం అనుకోకుండా మారి హెలికాప్టర్ మేఘాల్లోకి వెళ్లడంతో పైలట్ దిక్కు తెలియని స్థితికి లోనయ్యారని విచారణ సంఘం ప్రాథమికంగా తేల్చింది.

కంటికి నేల కనిపించనప్పుడు చెవి లోపలి సమతౌల్య అవయవం మనల్ని మోసం చేస్తుంది. ఒరిగినా తిన్నగా ఉన్నట్టే అనిపిస్తుంది. అప్పుడు ఒంటిని నమ్మకుండా మీటర్లను నమ్మాలి. ఇది ఎంతో అనుభవం ఉన్నవారికీ కష్టమే. సిమ్యులేటర్లలో మేఘాన్ని సృష్టించి దీన్నే పదే పదే సాధన చేయిస్తారు.

అలాగని యంత్రమే సర్వస్వం కాదు. 2025 జనవరి 5న పోర్‌బందర్‌లో తీర రక్షక దళానికి చెందిన ధ్రువ్ కూలి ముగ్గురు మరణించాక, ఆ రకం హెలికాప్టర్లను నెలల తరబడి ఎగరనివ్వలేదు. ఆ కాలంలో చేతి అలవాటు పోకుండా పైలట్లకు సిమ్యులేటర్లే ఆధారమయ్యాయి. కానీ అసలు గాలి, అసలు భయం అందులో పూర్తిగా దొరకవు. యంత్రం గుణమైనా లోపమైనా లేకుండా చేయలేని సిమ్యులేటర్, మనిషిని మాత్రం సిద్ధం చేయగలదు.

మన పిల్లల సంగతి

‘తెలుగు బడిలో చదివితే ఇలాంటి చోట్లకు పోగలరా?’ అని తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతుంటారు. ఉన్నమాట చెప్పుకుందాం. ఎన్‌డీఏ ప్రవేశ పరీక్ష ప్రశ్నపత్రం ఇంగ్లిషు, హిందీల్లోనే ఉంటుంది. తెలుగులో రాదు, తమిళంలోనూ రాదు. వాయుసేన, నౌకాదళ విభాగాలకు ప్లస్ టూలో గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం తప్పనిసరి. కాబట్టి ప్లస్ వన్‌లో గ్రూపు ఎంచుకునే రోజే ఈ దారి తెరుచుకుంటుంది, లేదా మూసుకుపోతుంది. 2021 నవంబరు పరీక్ష నుంచి అమ్మాయిలకూ అవకాశం వచ్చింది. పైలట్ కావాలంటే కంప్యూటర్ మీద చేతులు, కాళ్లు, కళ్లు కలిపి వాడే ఎంపిక పరీక్ష ఉంటుంది. అది జీవితంలో ఒక్కసారే. తప్పితే ఆ విభాగానికి మళ్లీ అవకాశం ఉండదు.

పైలట్ అయ్యేది కొందరే. కానీ సిమ్యులేటర్లు తయారుచేసే రంగం మన పిల్లలకు ఇంకా పెద్ద అవకాశం. 1993లో హైదరాబాదులో మొదలైన జెన్ టెక్నాలజీస్ సైనిక శిక్షణ సిమ్యులేటర్లు తయారుచేస్తోంది. దీనికి కావలసింది గణితం, భౌతికశాస్త్రం, ప్రోగ్రామింగ్.

గాలిమరతో ఆటోరొటేషన్ అర్థమైన పిల్లవాడికి దాని ఇంగ్లిషు పేరు నేర్పడం రోజు పని. అర్థం కాకుండా పేరు బట్టీపట్టిన వాడికి అర్థం నేర్పడం ఏళ్ల పని. అందుకే విషయం తెలుగులో చెబుదాం, పదం ఇంగ్లిషులో రాయిద్దాం, ఎనిమిదో తరగతి నుంచే రెంటినీ కలిపి నడిపిద్దాం.

ఉపాధ్యాయులుగా మేము మార్చుకోవలసినదీ ఒకటుంది. మా కంప్యూటర్ గదులకు చాలా రోజులు తాళమే. పాడవుతాయని పిల్లల్ని ముట్టుకోనివ్వం. లెక్క తప్పితే ఎర్ర సిరాతో కొట్టేసి తరువాతి పేజీకి పోతాం. కోట్లు విలువచేసే యంత్రం ముందు పైలట్‌ను పదిసార్లు తప్పు చేయనిస్తున్నారు. మా పిల్లలకు రెండోసారి చేసే అవకాశమైనా ఇస్తున్నామా?

కూనూరులో గాయపడి వారం తరువాత కన్నుమూసిన గ్రూప్ కెప్టెన్ వరుణ్ సింగ్, అంతకు కొద్ది నెలల ముందే తాను చదివిన బడి ప్రిన్సిపాల్‌కు ఒక ఉత్తరం రాశారు. తాను సగటు విద్యార్థినేనని, పన్నెండో తరగతి మార్కులే జీవితాన్ని నిర్ణయించవని అందులో పిల్లలకు ధైర్యం చెప్పారు. ఆ ఉత్తరాన్ని తెలుగు చేసి ప్రార్థన వేళ చదివించి, ఆ రోజే కంప్యూటర్ గది తాళం తీద్దాం.