ఇంటి ముచ్చట్లు: తాబేలు తొట్టి సింకులో కడుగుతున్నారా?

మొన్న ఆదివారం పక్క ఫ్లాట్ అమ్మాయి కాఫీకి పిలిస్తే వెళ్ళాను. వంటింట్లో నిలబడి కబుర్లు చెప్పుకుంటుంటే నా చూపు సింకు మీద పడింది. అందులో ఒక గాజు తొట్టి, తొట్టి అంచులకు పచ్చటి నాచు, గిన్నెలు తోమే పీచుతోనే దాన్ని రుద్దుతోంది. తాబేలు పిల్లేమో బియ్యం కడిగే బేసిన్లో ఈదుతోంది. గట్టు మీద జానెడు దూరంలో పది నెలల పాప పాలసీసాలు బోర్లించి ఉన్నాయి!

“ఇదేమిటమ్మా?” అన్నాను.

“ఏం చెయ్యమంటారు పిన్నిగారూ! పెద్దాడి పుట్టినరోజుకి వాళ్ళ నాన్న కొనుక్కొచ్చారు. నాలుగు రోజులకోసారి కడక్కపోతే వాసన భరించలేం. అయినా శుభ్రంగానే కడుగుతున్నానుగా?” అంది.

తొట్టి వరకూ శుభ్రంగానే కడుగుతోంది, పాపం. ఆ తొట్టిలో ఉన్నదంతా సింకుకీ, పీచుకీ, గట్టుకీ అంటుతోందని ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. మీలో కూడా కొందరి ఇళ్ళలో ఈ తాబేళ్ళు ఉండే ఉంటాయి. కళ్ళ వెనక ఎర్రటి చార ఉన్న ఆకుపచ్చ తాబేలు పిల్లలు, చేపల తొట్టెలు అమ్మే షాపుల్లో రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దవిగా కనిపిస్తాయే, అవే. రెడ్ ఇయర్డ్ స్లైడర్ అంటారు. పుట్టిల్లు అమెరికా. అందుకే ఈ వారం బూజులూ, మరకలూ పక్కన పెట్టి తాబేలు తొట్టి సంగతి చెప్పుకుందాం.

తాబేళ్ళు, బల్లి జాతి జీవులు, పాములు, వీటి పేగుల్లో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి మామూలుగానే ఉంటుంది. దానివల్ల తాబేలుకు ఏ బాధా ఉండదు. నిక్షేపంగా తింటుంది, ఈదుతుంది. రెట్టతో పాటు ఆ క్రిమి నీళ్ళలోకి వస్తుంది, ఆ నీళ్ళు పెంకుకీ, రాళ్ళకీ, గాజుకీ అంటుకుంటాయి. మన నోట్లోకి పోతే మాత్రం జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు. పెద్దవాళ్ళం నాలుగు రోజుల నుంచి వారంలోపు కోలుకుంటాం. ఐదేళ్ళలోపు పిల్లలకీ, గర్భిణులకీ, అరవై ఐదు దాటినవాళ్ళకీ అదే జబ్బు ఆసుపత్రి దాకా తీసుకెళ్ళొచ్చు. అమెరికాలో పసివాళ్ళు ఈ చిన్న తాబేళ్ళతో ఆడుకుని, నోట్లో పెట్టుకుని జబ్బు పడుతుంటే, 1975లో నాలుగు అంగుళాల కంటే చిన్న పెంకు ఉన్న తాబేళ్ళను పెంపకానికి అమ్మకూడదని అక్కడి ప్రభుత్వం నిషేధించింది. మన దగ్గర అమ్మేవి దాదాపు అన్నీ ఆ సైజువే!

“పరీక్ష చేయిస్తే సరిపోదా?” అంటారేమో. ఆ క్రిమి రోజూ ఒకేలా బయటికి రాదు. ఇవాళ లేదని తేలినా వచ్చే వారం ఉండొచ్చు. కాబట్టి ఉందనుకునే కడుక్కోవాలి.

ముందుగా తాబేలుకంటూ కొన్ని సామాన్లు వేరు చెయ్యండి. ఒక బకెట్టు, ఒక మగ్గు, ఒక బ్రష్షు, రెండు పాత గుడ్డలు, తాబేలును కాసేపు ఉంచడానికి మూతకు చిల్లులు పెట్టిన ఒక ప్లాస్టిక్ టబ్బు. వాటి పిడులకు ఎర్ర రిబ్బను కట్టండి. మీరు ఊరెళ్ళినప్పుడు అత్తగారో, పనమ్మాయో తెలియక ఆ మగ్గుతో నీళ్ళు ముంచకుండా ఉంటారు. కడగడం వెనక బాల్కనీలో అయితే మంచిది. అంత జాగా లేకపోతే బాత్‌రూమ్‌లో కడగండి, కానీ తర్వాత ఆ నేలను కూడా మందు నీళ్ళతో కడగాలి. వంటింట్లో మాత్రం వద్దే వద్దు.

కడిగే రోజు మొట్టమొదట స్విచ్చులన్నీ ఆపి ప్లగ్గులు తీసెయ్యండి. నీళ్ళు వెచ్చచేసే హీటరు ఉంటే ఓ పావుగంట నీళ్ళలోనే చల్లారనివ్వండి. వేడి మీద పైకి తీస్తే దాని గాజు పగిలిపోతుంది. తాబేలును టబ్బులోకి మార్చి, పెద్ద తొట్టి అయితే పైపుతో నీళ్ళు దించండి. ఇక్కడ ఒక మాట. మగవాళ్ళు స్కూటర్‌లో పెట్రోలు తీసినట్టు పైపును నోటితో పీలుస్తారు. ఆ పని చెయ్యనివ్వకండి! పైపు నిండా ముందే నీళ్ళు నింపి, రెండు చివరలూ బొటనవేళ్ళతో మూసి, ఒకటి తొట్టిలో, ఒకటి కింద బకెట్టులో పెట్టి వదిలితే చాలు, నీళ్ళు వాటంతటవే దిగుతాయి. ఆ మురికి నీళ్ళు కమోడ్‌లో పొయ్యండి. క్రోటన్లకో, గులాబీకో పోసినా పర్వాలేదు, మంచి ఎరువే. కొత్తిమీర, పుదీనా కుండీలకు మాత్రం పొయ్యకండి, అవి పచ్చివే పచ్చడిలో వేస్తాం కదా.

ఇప్పుడు అసలు పని. చాలామంది మురికి తొట్టిలోనే బ్లీచ్ గుమ్మరించి, వాసన ఘాటుగా వచ్చింది కాబట్టి క్రిములు చచ్చాయనుకుంటారు. మురికి ఉన్నచోట బ్లీచ్ బలమంతా ఆ మురికి మీదే ఖర్చయిపోతుంది. పైగా తాబేలు మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే కళ్ళు మండే విషవాయువు వస్తుంది. అందుకని ముందు సబ్బునీళ్ళు పెట్టి బ్రష్షుతో నాచూ, జిగురూ పూర్తిగా రుద్ది, మంచినీళ్ళతో బాగా తొలవండి. వేలితో రాస్తే గాజు కిర్రుమనాలి. ఆ తర్వాతే మందు.

మందు అంటే మందుల షాపులో దొరికే సోడియం హైపోక్లోరైట్, అదే బట్టల తెలుపుకు వాడే లిక్విడ్ బ్లీచ్. సీసా మీద అయిదు శాతం అని ఉంటే లీటరు నీళ్ళకు 30 మిల్లీలీటర్లు, అంటే రెండు టేబుల్ స్పూన్లు కలపండి. ఆ చెంచా కూడా తాబేలు సామాన్లలోదే సుమా! ఈ నీళ్ళతో తొట్టి లోపలంతా, రాళ్ళు, తాబేలు ఎక్కి కూర్చునే మెట్టు తడిపి పది నిమిషాలు తడిగానే ఉంచాలి. ఆరిపోతుంటే మళ్ళీ తడపండి. పోసీ పొయ్యగానే కడిగేస్తే ఏం లాభం లేదు. చేతులకు తొడుగులు వేసుకోండి, కిటికీలు తెరవండి, కట్టుకున్నది మంచి చీర అయితే మార్చుకోండి. కలిపిన నీళ్ళు మర్నాటికి దాచొద్దు, బలం పోతుంది. బ్లీచింగ్ పౌడరు వాడొచ్చా అంటే, డబ్బా తెరిచాక దాని బలం తగ్గుతూ పోతుంది, ఇప్పుడెంత ఉందో మనకు తెలీదు. పైగా సున్నం మిగులుతుంది. నేనైతే వాడను.

ఫినాయిల్ అసలే వద్దు. దానిలోని పదార్థాలు తాబేలుకు విషం. పసుపునీళ్ళు, ఉప్పు, వేపాకు మన పెద్దల కాలం నుంచీ ఉన్నవే గానీ ఈ పనికి చాలవు. బోరు నీళ్ళ ఊళ్ళలో గాజుకు తెల్లగా సున్నం పొర కడుతుంది. దాన్ని నిమ్మచెక్కతోనో, వెనిగర్‌తోనో రుద్దితే పోతుంది. కానీ అది ఇంకో రోజు చెయ్యండి. బ్లీచ్‌లో నిమ్మరసం, వెనిగర్, బాత్‌రూమ్ ఆసిడ్ ఏది కలిసినా క్లోరిన్ వాయువు లేస్తుంది. చిన్న బాత్‌రూమ్‌లో తలుపేసుకుని ఆ పని చేస్తే ప్రాణాపాయం.

పది నిమిషాలయ్యాక నాలుగైదు సార్లు నీళ్ళు మార్చి, బ్లీచ్ వాసన పూర్తిగా పోయేదాకా కడిగి, బాగా ఆరబెట్టండి. ఎండ ఉంటే ఇంకా మంచిది. చెక్క ముక్కలు, స్పాంజీలు ఉంటే వాటిలోపలికి మందు పోదు, పైగా బ్లీచ్‌ను పీల్చుకుని దాచుకుంటాయి. పాతబడినవి పారేసి కొత్తవి పెట్టడమే నయం. చిన్న గులకరాళ్ళు కూడా తీసెయ్యండి. వాటి సందుల్లో మురికి చేరుతుంది, తాబేలు మింగేస్తుంది కూడా. దాని తలకంటే పెద్ద రాళ్ళు నాలుగు చాలు.

ఫిల్టరు ఉన్నవాళ్ళకు ఒక మినహాయింపు. దాని లోపలి స్పాంజిలో మనకు మేలుచేసే క్రిములు కాపురం ఉంటాయి. తాబేలు వదిలే అమ్మోనియాను అవే విరిచి పెడతాయి. దాన్ని బ్లీచ్‌లో ముంచారో, నాలుగు రోజులకే నీళ్ళు కంపు కొడతాయి. తొట్టి నుంచి తీసిన పాత నీళ్ళలోనే ఒకసారి పిండి మళ్ళీ పెట్టెయ్యండి. కొత్తగా నింపే పంపు నీళ్ళు బకెట్టులో పల్చటి గుడ్డ కప్పి ఒక రోజు ఉంచండి, క్లోరిన్ పోతుంది.

ఇంత కడుగుడు వారం వారం అక్కర్లేదు. మిగిలిన తిండి ఏ రోజుకారోజు తీసేసి, వారానికోసారి మూడోవంతు నీళ్ళు మారిస్తే, పూర్తి కడుగుడు నెలకోసారి చాలు. అయినా రెండు రోజులకే వాసన వస్తోందంటే తొట్టి చిన్నదన్నమాట. పెంకు ఒక్కో అంగుళానికి సుమారు నలభై లీటర్ల నీళ్ళు ఉండాలంటారు. షాపువాడిచ్చే బుల్లి డబ్బా ఏ మూలకి? ఈ తాబేలు పళ్ళెమంత పెరుగుతుంది, ఇరవై ముప్పై ఏళ్ళు బతుకుతుంది. ఆ సంగతి కొనేటప్పుడు చెప్పరు.

పని అయ్యాక చేతులు మోచేతుల దాకా సబ్బుతో రుద్ది కడగాలి. పిల్లలు తాబేలును ముట్టుకున్న ప్రతిసారీ ఇదే నియమం, ముద్దులు బంద్. తొట్టి పనమ్మాయి చేత కడిగిస్తుంటే ఆమెకూ తొడుగులివ్వండి, ఎందుకో చెప్పండి. ఆమె ఇంట్లోనూ పసివాళ్ళుంటారు. ఇంట్లో ఎవరికైనా జ్వరంతో విరేచనాలు పట్టుకుంటే, డాక్టరు అడక్కపోయినా మా ఇంట్లో తాబేలుందని చెప్పండి. ఆయనకు ఆ ఊహ తట్టకపోవచ్చు.

పక్కింటి అమ్మాయి ఇదంతా విని, “మరి మా పాప సంగతి?” అని నెమ్మదిగా అడిగింది. ఉన్నమాట చెప్పాను. ఐదేళ్ళలోపు బిడ్డ, అందులోనూ నేలమీద పాకి ప్రతిదీ నోట్లో పెట్టుకునే బిడ్డ ఉన్న ఇంట్లో ఎంత కడిగినా తాబేలు ఉండకపోవడమే మంచిది. అలాగని చెరువులోనో, గుడి కోనేట్లోనో వదలకూడదు. ఈ అమెరికా తాబేళ్ళు మన తాబేళ్ళ తిండి, చోటు లాక్కుంటాయి. ఇక మన నక్షత్ర తాబేలు లాంటివి ఇంట్లో పెంచడమే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. విదేశీ జంతువుల్లో కూడా కొన్నింటిని నమోదు చేయించాలి, మీ దగ్గరున్నది ఆ జాబితాలో ఉందేమో అటవీశాఖ వాళ్ళను అడిగి తెలుసుకోండి.

పెద్దాడు రెండు రోజులు అన్నం మానేసి ఏడ్చాడట. చివరికి తాబేలు వాళ్ళ బాబాయి ఇంటికి చేరింది, అక్కడ అందరూ పెద్దవాళ్ళే. పిల్లవాడు ఆదివారం ఆదివారం వెళ్ళి, ఎర్ర రిబ్బను కట్టిన బకెట్టుతో తనే నీళ్ళు మార్చి వస్తున్నాడు. సింకులో పీచు మాత్రం ఆ రోజే పారేయించాను.