చేరదీసిన చేతికి కాగితం కూడా కావాలి



మా గూడెంలో ఓ అక్కాతమ్ముడు ఉండేవాళ్లు. అక్కకి పదకొండు, తమ్ముడికి ఎనిమిది. నాన్న ముందే పోయాడు. తర్వాతి వానాకాలంలో జ్వరమొచ్చి అమ్మ కూడా పోయింది. దినాలైన రోజే పెద్దమ్మ ఇద్దర్నీ తన ఇంటికి తీసుకపోయింది. సొంత పెద్దమ్మ కాదు. ఆమె భర్తదీ వాళ్ల నాన్నదీ ఒకే గట్టు. కోయోళ్లకి గట్టంటే ఏందో నేను చెప్పక్కర్లేదు. ఆమె ఎవర్నీ అడగలేదు, ఎవరూ కాదనలేదు.

ఏడాదిన్నర తర్వాత ఎవరో 1098కి ఫోన్ చేశారు. జీపులో వచ్చిన అధికారులు "వీళ్లకి నువ్వేమవుతావు?" అన్నారు. "పెద్దమ్మని." "మీ ఆయనా వీళ్ల నాన్నా సొంత అన్నదమ్ములా?" "కాదు సారూ, గట్టు వరస." వాళ్ల ఫారంలో గట్టుకి గడి లేదు. అక్కని ఒక ఊళ్లో ఆడపిల్లల హోంలో, తమ్ముణ్ణి ఇంకో ఊళ్లో మగపిల్లల హోంలో పెట్టారు. ఆరు నెలలకి చూడ్డానికి పోతే, పెద్దమ్మ కోయలో అడిగినవాటికి తమ్ముడు తెలుగులో జవాబు చెప్పాడు. తిరుగు బస్సులో ఆమె ఒక్క మాట మాట్లాడలేదు.

చాలా రోజులు ఆ అధికారుల మీద కోపంగా ఉన్నాను. తర్వాత చట్టం తెరిచి చదివితే, సగం కోపం చదువుకున్న మన మీదకే మళ్లింది.

2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో 44వ సెక్షన్ ఫోస్టర్ కేర్ గురించే. కన్నవాళ్లు కాని కుటుంబం కూడా బిడ్డని చట్టప్రకారం పెంచొచ్చు. దత్తత కాదు, సంరక్షణ మాత్రమే. తోబుట్టువుల్ని వీలైనంతవరకు విడదీయొద్దని అదే సెక్షన్ చెప్తుంది. హోంలో పెట్టడం ఆఖరి మార్గం కావాలని చట్టం మూలసూత్రాల్లోనే ఉంది. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు పెడితే ఇంటికొచ్చి విచారణ చేస్తారు. బాలల సంక్షేమ కమిటీ ఆర్డర్ ఇస్తుంది. మిషన్ వాత్సల్య కింద బిడ్డకి నెలకి 4,000 రూపాయలు వస్తాయి. 2024లో మార్చిన మార్గదర్శకాల ప్రకారం పెళ్లికాని వాళ్లు, వితంతువులు, విడిపోయినవాళ్లు కూడా 35 ఏళ్లు దాటితే అర్హులే. ఒంటరి మగవాళ్లకి మాత్రం ఆడపిల్లని ఇవ్వరు. రెండేళ్లు పెంచాక దత్తతకీ దారి ఉంది. ఇక పెంచేది సొంత మేనమామో అమ్మమ్మో అయితే స్పాన్సర్‌షిప్ అని వేరే దారి. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకపోతే అడగొచ్చు. ఇవేవీ పెద్దమ్మకి తెలియవు. డిగ్రీ చదివిన నాకూ తెలియలేదు. సిగ్గేసింది.

"మన బిడ్డని పెంచుకోడానికి సర్కారు పర్మిషనేంది?" అని మీలో కొందరు అడుగుతారు. ఆ రోషం నాకూ ఉంది. కానీ మాట దాచొద్దు: చేరదీసిన పిల్లని బడి మాన్పించి మేకల వెంట పంపే ఇళ్లు మన దగ్గరా ఉన్నాయి. పని ఇప్పిస్తామని పట్నం తీసుకపోయే ఏజెంట్లు కూడా "మేం చుట్టాలం" అనే చెప్తారు. కమిటీ నెలనెలా తనిఖీ చేయాలని చట్టంలో ఉంది. చేయనీయండి. మంచి ఇంటికి దాంతో భయం లేదు.

నా పేచీ వేరే. తల్లి ఎవరో తేల్చే కొలత ఎవరిది? ఇల్లు సరిపోతుందా, ఆదాయం ఎంత అని అడుగుతారు. పోడు చేసుకుని, ఇప్పపువ్వు ఏరుకుని బతికే ఇంటి ఆదాయం ఏ కాగితంలో కనిపిస్తుంది?

ఇదే గొడవ అమెరికా ఆదివాసులూ పడ్డారు. అక్కడ ఒకప్పుడు ప్రతి నలుగురు పిల్లల్లో కనీసం ఒకరిని ఇంటినుంచి తీసుకపోయారు. కొట్లాడితే 1978లో చట్టం వచ్చింది. బిడ్డని ముందు బంధువులకివ్వాలి, తర్వాత ఆ తెగ ఆమోదించిన ఫోస్టర్ ఇంటికివ్వాలి. ఆ చట్టం కొట్టేయమని కొందరు కోర్టుకెక్కితే 2023లో అక్కడి సుప్రీంకోర్టు 7-2 తేడాతో నిలబెట్టింది. లైసెన్స్ ఇచ్చే హక్కు తెగకే ఉంది చూడండి, అసలు విషయం అది.

మనకి 1996 పెసా ఉంది. మన ఆచారాల్ని కాపాడుకునే అధికారం గ్రామసభకి ఉందని అందులో రాసి ఉంది. గట్టు వరసని చుట్టరికంగా ధ్రువీకరిస్తూ, ఫలానా ఇల్లు పిల్లల్ని పెంచడానికి తగినదని గ్రామసభ తీర్మానం చేస్తే, కమిటీ దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఇప్పుడు చట్టంలో అలా లేదు. ఉండాలని అడగాలి.

నాకు 26. నేను ఫోస్టర్ పేరెంట్ కాలేను. మీలో చాలామంది కూడా కాలేరు. కానీ ఆధార్ కాపీలు, మెడికల్ సర్టిఫికెట్లు, ఆదాయ పత్రం పోగుచేసి పెట్టగలం. మీ గూడెంలో ఎవరి బిడ్డల్నో పెంచుతున్న ఇల్లు కనీసం ఒకటి ఉంటుంది. జీపు రాకముందే ఆ ఇంటికి పోండి.

పెద్దమ్మ దరఖాస్తు నేనే నింపాను. ఫోటో దిగడానికి మొదట ఒప్పుకోలేదు. "నా మొహం చూసి ఇస్తారా పిల్లల్ని" అంది. తర్వాత తలకి నూనె రాసుకుని వచ్చి కూర్చుంది. "సంబంధం" అనే గడిలో "పెద్దమ్మ, గట్టు వరస" అనే రాశాను. సోమవారం ఇద్దరం జిల్లా ఆఫీసుకి పోతున్నాం.