ఖైదీకి జబ్బుంటే ఏ గదిలో పెడుతున్నారు?

2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ రాష్ట్ర జైలు గార్డులు ఉన్నట్టుండి సమ్మెకు దిగిన సంగతి గుర్తుండే ఉంటుంది. వాళ్ల డిమాండ్లలో ఒకటి హాల్ట్ చట్టాన్ని ఎత్తేయమని. 2022 నుంచి అమలవుతున్న ఈ చట్టం ఏ ఖైదీనీ వరుసగా 15 రోజులకు మించి ఒంటరి గదిలో ఉంచకూడదంటుంది. తీవ్రమైన మానసిక జబ్బున్నవాళ్లను శిక్షగా అక్కడ పెట్టనే కూడదంటుంది. గార్డుల బాధ అర్థం కాకపోలేదు. మనుషులు తక్కువ, డ్యూటీ మీద డ్యూటీ. కానీ ఒంటరి గది ఏం చేస్తుందో లెక్క మన ముందే ఉంది.

రైకర్స్ ఐలాండ్‌తో సహా న్యూయార్క్ నగర జైళ్ల రికార్డులు, 2010 నుంచి మూడేళ్లవి, తిరగేసి 2014లో అమెరికన్ జర్నల్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లో ప్రచురించారు. జైలుకు వచ్చినవాళ్లలో ఒకసారైనా ఒంటరి గదికి వెళ్లింది ఏడు శాతమే. తమను తాము గాయపరచుకున్న ఘటనల్లో మాత్రం 53 శాతం వాళ్లవే.

బీఎస్సీ చదివినదాన్ని కదా, వెంటనే ఒక అనుమానం వచ్చింది. మనసు బాగాలేనివాళ్లనే ఏరి అక్కడ పెడతారు కాబట్టి అలా కనిపిస్తోందేమో? పరిశోధకులు దాన్నీ చూశారు. మానసిక జబ్బు, వయసు, జైల్లో గడిపిన రోజులు, జాతి అన్నీ లెక్కలోకి తీసుకున్నా తేడా దాదాపు ఏడు రెట్లు. జబ్బూ, చిన్న వయసూ విడిగా ప్రమాదమే. వాటికి గది తోడవుతోంది.

బయటపడటానికి ఆడే నాటకం అనేవాళ్లున్నారు. కొందరు బయటపడాలనే చేస్తారు, నిజమే. ఒక గది నుంచి బయటికి రావడానికి ఒళ్లు గాయం చేసుకునేదాకా వెళ్తే, దాన్ని నాటకమని ఎలా కొట్టిపారేస్తాం?

అవే జైళ్లలో 2013లో క్యాప్స్ అనే వార్డులు పెట్టారు. తీవ్ర మానసిక జబ్బున్న ఖైదీ జైలు రూల్ తప్పితే ఒంటరి గదికి బదులు అక్కడికి పంపి, థెరపీ ఇచ్చారు. పాత తరహా శిక్ష యూనిట్లతో పోలిస్తే అక్కడ గాయపరచుకోవడం తగ్గింది. సిబ్బంది ఎక్కువ కావాలి, ఖర్చూ ఎక్కువే.

జైలంటే నేరం రుజువైనవాళ్లుండే చోటని మనకో నమ్మకం. రైకర్స్‌లో ఎక్కువమంది కేసు తేలనివాళ్లే. కాలీఫ్ బ్రౌడర్ 16 ఏళ్లప్పుడు బ్యాక్‌ప్యాక్ దొంగతనం ఆరోపణతో లోపలికి వెళ్లాడు. బెయిలుకు 3,000 డాలర్లు ఇంట్లో లేవు. మూడేళ్లు జైలు, అందులో దాదాపు రెండేళ్లు ఒంటరి గది. లోపలే ప్రాణం తీసుకోబోయాడు. చివరికి కేసు కొట్టేశారు. బయటికొచ్చిన రెండేళ్లకు, 2015లో, 22 ఏళ్లకే ఆత్మహత్య చేసుకున్నాడు.

మన ఇళ్లలో పిల్లాడికి బైపోలార్ అని తెలిసినా, సంబంధాలు చెడతాయని చుట్టాలకు కూడా చెప్పం. ఏదో ఒక రాత్రి వాడు అదుపు తప్పితే 911కి చేస్తాం, వచ్చేది పోలీసులు. జబ్బు పేరు, డాక్టరు పేరు, వాడే మందులు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. పరిస్థితి అరెస్టు దాకా వెళ్తే లాయరుకీ, జైలు మెడికల్ స్టాఫ్‌కీ మొదటి రోజే అది చేరాలి. వాడు తనకు తాను హాని చేసుకుంటాడేమోనని భయం వేస్తే 988కి ఫోన్ చేయొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు. ఇరవై నాలుగ్గంటలూ పలుకుతారు.