రేవులో ఒక్క రాత్రి

భిలాయి సెక్టర్ 4లో ఉదయం బాగా పొద్దెక్కిన తరువాత కూడా కొన్ని ఇండ్ల కిటికీలు మూసియే ఉంటాయి. లోపల రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చిన మనిషి నిద్రిస్తూ ఉంటాడు. గృహిణి పిల్లలను సైగలతోనే అదలిస్తుంది. గిన్నె చప్పుడు కాకుండా వంట కానిస్తుంది. ఉక్కు నగరంలో కాపురముండేవారికి ఇందులో వింత ఏమీ లేదు. నిప్పు ముందు ఎనిమిది గంటలు నిలచి వచ్చినవాడు ఎక్కువగా మాటలాడడు. అతని ప్రేమను, కోపాన్ని, చింతను ఇంటివారు అతని మాటల వలన గాక చేతల వలననే గ్రహించవలసి ఉంటుంది.

అటువంటి మనిషిని కథానాయకునిగా చేసుకొన్న హాలీవుడ్ ప్రేమచిత్రం ఒకటి 1928లో వెలువడింది. దాని పేరు ‘ది డాక్స్ ఆఫ్ న్యూయార్క్’. పారమౌంట్ సంస్థ నిర్మించిన ఈ మూకీ చిత్రానికి దర్శకుడు జోసెఫ్ ఫాన్ స్టెర్న్‌బర్గ్. ఈయన పేరు చెప్పగానే సినిమా తెలిసినవారికి 1930లో వచ్చిన ‘ది బ్లూ ఏంజెల్’, మార్లీన్ డీట్రిచ్ స్ఫురిస్తారు. ఆ కీర్తి వెనుక ఈ చిన్న చిత్రం మరుగున పడిపోయింది.

నాయకుడు బిల్ రాబర్ట్స్ నావికుడే గాని, తెరచాపలు విప్పి నక్షత్రాలను చూసి దారి తెలుసుకొనే నావికుడు కాడు. ఓడ అడుగున బాయిలర్లకు బొగ్గు వేసే స్టోకర్. రైలు ఇంజనుపై ఫైర్‌మన్ చేసిన పనినే అతడు గాలి వెలుతురు లేని ఇనుప గదిలో చేస్తాడు. సముద్రం మీద నెలల తరబడి ప్రయాణించినా సముద్రం అతని కంటబడేది తక్కువ. ఆయిల్ వచ్చి బొగ్గును తొలగించుటకు ముందటి కాలం కథ ఇది. అప్పట్లో ఓడ వేగమంతా ఇటువంటివారి భుజబలం మీదనే ఆధారపడి ఉండేది. మన దేశానికి రాకపోకలు సాగించిన బ్రిటిష్ ఓడలలో ఈ పనికి సిల్హెట్ ప్రాంతపు వారిని, పంజాబీలను ఎందరినో నియమించేవారు. వారి కథలు తెరకెక్కలేదు.

చిత్రం ఆ ఇనుప గదిలోనే ఆరంభమవుతుంది. ఓడ న్యూయార్క్ రేవు చేరింది. మసిబారిన దేహాలతో, చెమట తుడుచుకొంటూ స్టోకర్లు పారలు క్రింద పడవేస్తారు. వారికి దొరికింది ఒక్క రాత్రి సెలవు. మరునాడు ఓడ తిరిగి బయలుదేరుతుంది. మళ్ళీ ఆ పార, ఆ మంట. బిల్ ఒక్క రాత్రిలో చేయదలచినదంతా త్రాగుడు, సరదా, అవసరమైతే రెండు పిడిగుద్దులు. జార్జి బాన్‌క్రాఫ్ట్ ధరించిన ఈ పాత్రకు భారీ విగ్రహం, బిడ్డ వంటి నవ్వు. ఎక్కడా నిలువని మనిషి. ఎందుకు నిలువవలెనో అతనికి ఎవరూ చెప్పినట్లు లేదు.

రేవు గట్టు మీద నడచిపోతున్న అతనికి నీటిలో ఒక స్త్రీ నీడ కనిపిస్తుంది. ఆ వెంటనే నీరు చెదరిన అలజడి. మే అనే ఆ యువతి ప్రాణం తీసుకొనుటకు దూకింది. దర్శకుడు ఆమె దూకుటను చూపలేదు. నీటిపై ప్రతిబింబం చెదరిపోవుటను మాత్రమే చూపాడు. ఒక జీవితం ఎంత తేలికగా చెరిగిపోగలదో ఇంతకంటె క్లుప్తంగా తెలిపిన దృశ్యాలు అరుదు. బిల్ నీటిలో దుమికి ఆమెను వెలికి తీస్తాడు, రేవు ప్రక్కనున్న సారాయి దుకాణం మీది గదికి మోసుకొని పోతాడు. ఆమె తడిబట్టలతో వణకుతుంటే ప్రక్కనున్న తాకట్టు దుకాణంలో జొరబడి ఒక దుస్తుల జత తెచ్చి ఇస్తాడు. అడిగి కాదు, డబ్బు చెల్లించి కాదు. ఈ దొంగ దుస్తులు తరువాత కథకు కీలకమవుతాయి.

ఆమె అతనికి కృతజ్ఞతలు తెలుపదు. ఎందుకు రక్షించావని అడుగుతుంది. బెట్టీ కాంప్సన్ ఈ పాత్రను పోషించిన తీరు చూడదగినది. కన్నీరు కార్చి జాలి పుట్టించే ప్రయత్నం ఆమె చేయదు. అలసిపోయిన కండ్లతో ఎదుటివానిని తూచి చూస్తుంది. మాటా మాటా పెరిగి, త్రాగిన ఉత్సాహంలో బిల్ ఆమెను పెండ్లి చేసుకొంటానంటాడు. దుకాణంలోని జనం కేకలు వేస్తూ గుమిగూడుతారు. రేవులో ధర్మబోధ చేసే పెద్దను పిలిపిస్తారు. లైసెన్సు తెల్లవారి తెచ్చుకోవచ్చునని మాట పుచ్చుకొని ఆయన పెండ్లి జరిపిస్తాడు. అంతవరకు వెకిలిగా నవ్వుతున్న జనం మెల్లగా మౌనం దాలుస్తారు. ఉంగరం లేదు. లూ అనే స్త్రీ తన వ్రేలి ఉంగరం తీసి ఇస్తుంది.

ఈ లూ గురించి ఆగి చెప్పుకోవలసి ఉన్నది. ఆమె అదే ఓడలోని ఇంజనీరు ఆండీ భార్య. అతడు ఏండ్లకు ఏండ్లు ఆమె ముఖం చూడలేదు. ఆ రాత్రి సారాయి దుకాణంలో మరొకరితో నాట్యం చేస్తూ కంటబడగానే తానేదో మోసపోయినట్లు ఆగ్రహిస్తాడు. ఇల్లు విడిచిపోయినవాడు భార్య కట్టుతప్పిందని నిలదీయుట ఒక్క న్యూయార్క్ రేవులోని వింత కాదు. నావికుని పెండ్లి ఎట్లా ముగుస్తుందో లూకు తెలుసు. తెలిసి కూడా మరొక అమాయకురాలి కొరకు తన ఉంగరం ఊడదీసి ఇస్తుంది. ఒల్గా బక్లనోవా నటించిన ఈ ఒక్క క్షణం కొరకైనా చిత్రాన్ని చూడవచ్చు. ఈమె మాస్కో వనిత. 1920ల నడుమ మాస్కో ఆర్ట్ థియేటర్ సంగీత నాటక బృందంతో అమెరికాకు వచ్చి, తిరిగి వెళ్ళక అక్కడే ఉండిపోయింది. దర్శకుడు స్టెర్న్‌బర్గ్ కూడా వియన్నాలో పుట్టి అమెరికా చేరినవాడే. ఓడ దిగి నిలచిపోవుట అంటే ఏమిటో వారిరువురికీ ఎరుకే.

తెల్లవారుతుంది. మే నిద్రలో ఉన్నది. బిల్ చప్పుడు చేయకుండా లేచి, ఆమె చెంత కొంత డబ్బు ఉంచి వెళ్ళిపోతాడు. అతని లెక్కలో అది దయ. ఆమెకు అదెట్లా తోస్తుందో ఊహించే అలవాటు అతనికి లేదు. అనంతరం ఆండీ ఆ గదిలో ప్రవేశించి మేను బలాత్కరించబోవుట, లూ అతనిని కాల్చివేయుట, నేరం మొదట మే మీద మోపబడుట, లూ ఒప్పుకొనుట, ఇవన్నీ వడివడిగా సాగుతాయి. ఈ భాగం కొంత నాటకీయంగా ఉన్నదనుట అన్యాయం కాదు. రాత్రి అంతటినీ అంత నెమ్మదిగా నడిపిన దర్శకుడు ఉదయాన్ని తొందరపెట్టాడు. ఉంగరం ఇచ్చిన లూ పోలీసుల వెంట వెళ్ళిపోతుంది, కథ ఆమెను మరల తలచుకోదు. ఇది చిత్రంలోని లోపమే.

ఆ తొందర వెనువెంటనే వచ్చే దృశ్యం మాత్రం మూకీ యుగం మొత్తంలో ఎన్నదగినది. బిల్ ఓడకు పోవుటకు సిద్ధమయ్యాడు. అతని చొక్కా జేబు చిరిగి వ్రేలాడుతున్నది. కుట్టిపెడతానని మే సూది, దారం తీసుకొంటుంది. దారం ఎక్కదు. కెమెరా ఇక్కడ ఆమె కన్నుగా మారుతుంది: సూది మసకబారి, చెదరి కనిపిస్తుంది. ఆమె కన్నీరు పెట్టుకొన్నదని చెప్పుటకు వేరొక మాట గాని, దృశ్యం గాని అక్కరలేకపోయింది. అప్పుడు పార పట్టుటకు తప్ప దేనికీ పనికిరావనిపించే ఆ మొరటు చేతులు సూదిని అందుకొని దారం ఎక్కించి ఆమెకు తిరిగి ఇస్తాయి. రాత్రి నలుగురి ఎదుట జరిగినది పెండ్లి తంతు. పెండ్లి జరిగినది ఈ క్షణంలో. అయినా బిల్‌కు ఆ సంగతి తెలియదు. ఆమె జేబు కుట్టి, ఆపుకోలేని కోపంతో అతనిని బయటకు త్రోసివేస్తుంది.

ఓడ కదలుతుంది. బిల్ మళ్ళీ మంట ముందు నిలచి పార పట్టుతాడు. ఇంతకాలం హాయిగా తోచిన ఆ వెళ్ళిపోవుట ఈసారి ఎందుకో సరిపడదు. పార వదలి పైకి వచ్చి నీటిలోనికి దూకుతాడు. ముందటి రాత్రి ఒకరిని రక్షించుటకు దూకినవాడు, ఈ దినం తన కొరకు దూకుతాడు. ఒడ్డు చేరేసరికి మే దొంగిలించిన దుస్తులు ధరించిన నేరానికి రాత్రి కోర్టులో ఉన్నట్లు తెలుస్తుంది. న్యాయమూర్తి ఆమెకు 30 దినాల శిక్ష విధించిన తరుణంలో బిల్ వచ్చి దొంగను తానే అంటాడు. శిక్ష అతనికి మారుతుంది, 60 దినాలు. ఎన్నడూ ఒక్క రాత్రికి మించి ఒడ్డున నిలువని మనిషి రెండు నెలలు కదలక ఉండుటకు సమ్మతించి పోలీసు వెంట నడుస్తాడు. ప్రేమిస్తున్నానని అతడు చెప్పగలిగిన తీరు అది ఒక్కటే.

ఇంత మంచి చిత్రాన్ని ఆనాడు ఎందుకు పట్టించుకోలేదు? కారణం కాలమే. 1928 సెప్టెంబరులో ఇది న్యూయార్క్‌లో విడుదలైన వారంలోనే ఆల్ జోల్సన్ పాడి, మాటలాడిన ‘ది సింగింగ్ ఫూల్’ అట్టహాసంగా వచ్చింది. తెర మీది బొమ్మ నోరు విప్పిందన్న సంబరంలో నోరు విప్పని స్టోకర్‌ను చూచువారు లేకపోయారు. 1930లో గ్రెటా గార్బో తొలిసారి మాటలాడిన ‘అన్నా క్రిస్టీ’ వచ్చింది. అందులోని ప్రియుడు కూడా స్టోకరే; యూజీన్ ఓనీల్ నాటకానికి అది చిత్రరూపం. గార్బో మాటలాడిందన్న ప్రకటన లోకమంతటా మారుమ్రోగింది. రెండేండ్ల ముందటి మూగ స్టోకర్ ఎవరికి జ్ఞాపకం?

జూల్స్ ఫర్త్‌మన్ వ్రాసిన ఈ కథను మాటలతో తీసియుంటే ఏమయ్యేది? బిల్ తన మనస్సు విప్పి ప్రసంగించవలసి వచ్చేది. తన మనస్సులో ఏమున్నదో అతనికే తెలియదు, ఏమి ప్రసంగిస్తాడు? ఛాయాగ్రాహకుడు హెరాల్డ్ రాసన్ స్టూడియోలో వేసిన రేవులో మంచును, దీపాల మసక వెలుగును, వ్రేలాడే వలలను తన కెమెరాలో బంధించి, మాట రాని ఆ మనుష్యుల చుట్టూ ఒక లోకాన్ని అల్లాడు. మూకీగా ఉండుట ఈ చిత్రానికి లోటు కాదు, ప్రాణం.

దక్కుటే అదృష్టం అని కూడా అనవలసి ఉన్నది. ఇదే ఏడు స్టెర్న్‌బర్గ్ తీసిన ‘ది డ్రాగ్ నెట్’ ఇప్పుడు లేదు. 1929 నాటి ‘ది కేస్ ఆఫ్ లీనా స్మిత్’లో చిన్న తునక మాత్రమే మిగిలింది. మన తెలుగువారి తొలి మూకీ, 1921 నాటి ‘భీష్మ ప్రతిజ్ఞ’ కూడా దక్కలేదు. ‘ది డాక్స్ ఆఫ్ న్యూయార్క్’ నిలచింది. 1999లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేరింది. 2010లో శుభ్రమైన ప్రతి డిస్కులపై వచ్చింది. 2024 జనవరి 1 నుండి అమెరికాలో దీనికి కాపీరైటు కూడా లేదు.

భిలాయి కొలిమికి, ఆ ఓడ కొలిమికి ఒక భేదమున్నది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ఇక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. బ్లాస్ట్ ఫర్నేసును వెలిగించిన తరువాత ఏండ్ల తరబడి చల్లారనీయరు. అది ఒక చోట నిలచి, మనుష్యులను తన చుట్టూ నిలుపుకొంటుంది. తెలుగు జిల్లాల నుండి రైలెక్కి, కొంతకాలం చేసి పోదామనుకొని వచ్చినవారు ఎందరో ఆ కొలిమి వద్దనే నిలచిపోయారు. బిల్ కొలిమి మాత్రం అతనిని మోసుకొని పోతూ ఉంటుంది. నిలవాలంటే అతడు దాని నుండి దూకవలసినదే. అయినప్పటికీ, ఇల్లు ఉద్యోగంతో వచ్చిన సెక్టరులో, ఎంతకాలం మనదని అడగవలసిన క్వార్టరులో ఉన్నవారికి, ఒడ్డున లభించిన రాత్రి ఎంత పొట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు.

చిత్రం నిడివి గంటా పదిహేను నిమిషాలకు అటూ ఇటూ. కథ ముందుగానే తెలిసినందువలన నష్టం లేదు. సూది, దారం మరొకమారు చూచినప్పుడే ఎక్కువ తాకుతాయి. తరువాతి కాలంలో చేర్చిన సంగీతం లేకుండా చూచినా బాగుంటుంది. సెక్టర్ 4లో ఒక సౌకర్యం కూడా ఉన్నది: ప్రక్క గదిలో రాత్రి డ్యూటీ చేసి వచ్చినవారు నిద్రిస్తున్నా, పట్టపగలే నిస్సంకోచంగా చూడవచ్చు.