ఆపేముందు ఒక్క మాట!

నారాయణగూడ చౌరస్తా నుంచి చిక్కడపల్లి మీదుగా ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా ఓసారి నడిచి చూడండి. దారిలో టిఫిన్ సెంటర్లు ఎక్కువా, మందుల షాపులు ఎక్కువా అంటే చెప్పడం కష్టమే! సాయంత్రం పూట ఏ మందుల షాపు ముందు పది నిమిషాలు నిలబడినా ఇలాంటి మాటలు వినిపిస్తాయి.

"బాబూ, కొలెస్టరాల్ గోలీలు ఒక షీటివ్వు."

"ఏ గోలీ సార్? చీటీ ఉందా?"

"చీటీ ఎక్కడ పెట్టానో! ఇదిగో, పాత షీటు ముక్క. పదో, ఇరవయ్యో... ఏదో ఒకటి ఇచ్చెయ్."

పక్కనే నిలబడ్డ ఇంకో పెద్దాయన అందుకుంటారు. "నేనైతే మానేశానండీ. మొన్న టెస్టులో నార్మల్ వచ్చింది. ఇంకెందుకు చెప్పండి, లివర్ పాడవడానికి కాకపోతే!"

వినడానికి మామూలు మాటలే. కానీ రెండింటిలోనూ ముప్పు ఉంది. మొదటాయన ఏం వేసుకుంటున్నారో తెలియకుండానే వేసుకుంటున్నారు. రెండో ఆయన ఎందుకు తగ్గిందో తెలియకుండానే మానేశారు. స్టాటిన్ అనే ఈ మందు విషయంలో మన ఇళ్లలో జరిగే పొరపాట్లు చాలావరకు ఈ రెండు బాపతే.

నార్మల్ ఎవరి పుణ్యం?

కొలెస్టరాల్ అంతా నూనె, నెయ్యిలోంచే వస్తుందనుకుంటాం. నిజానికి మన ఒంట్లో ఉన్నదాంట్లో ఎక్కువ భాగం శరీరం తయారు చేసుకునేదే. అందులో కాలేయానిది ముఖ్యపాత్ర. అక్కడ ఆ తయారీకి అవసరమైన ఒక ఎంజైమును స్టాటిన్ అడ్డుకుంటుంది. దాంతో కాలేయం తనకు కావలసిన కొలెస్టరాల్‌ను రక్తంలోంచి లాక్కుంటుంది. రిపోర్టులో ఎల్‌డీఎల్, అంటే చెడ్డ కొలెస్టరాల్, తగ్గడానికి కారణం ఇదే. మాత్ర మానేస్తే? కాలేయం మళ్లీ పాత పద్ధతికే వెళ్తుంది. కొద్ది వారాల్లోనే అంకె మళ్లీ పైకి వస్తుంది.

వానలో గొడుగు వేసుకుని నడుస్తున్నాం. తడవడం లేదు. తడవడం లేదు కదా అని నడివానలో గొడుగు మూసేస్తామా? నార్మల్ రిపోర్టు చూసి మాత్ర ఆపేయడం అలాంటిదే.

ఆ గొడుగు విలువెంతో 1994లోనే తేలింది. స్కాండినేవియా దేశాల్లో 4,444 మంది గుండె జబ్బు రోగులను అయిదేళ్లకు పైగా గమనించారు. సిమ్వాస్టాటిన్ వాడినవారిలో మరణాలు 30 శాతం తగ్గాయి. అయితే వాడితేనే కదా ఫలితం! మన హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ కంపెనీ ఒక మాత్ర తయారు చేసింది. ఆస్పిరిన్, సిమ్వాస్టాటిన్, రెండు రక్తపోటు మందులు కలిపి ఒకే బిళ్ల. దాంతో భారత్‌లోనూ, ఐరోపాలోనూ దాదాపు 2,000 మందిపై జరిపిన అధ్యయనం ఫలితాలు 2013లో వచ్చాయి. ఒకే బిళ్ల ఇచ్చినవారిలో నూటికి 86 మంది మందులు సక్రమంగా వాడుతున్నారు. ఎప్పటిలా విడివిడి మాత్రలు వాడినవారిలో 65 మందే. వాళ్లంతా గుండె జబ్బో పక్షవాతమో వచ్చినవారు, లేదా వచ్చే ముప్పు ఎక్కువగా ఉన్నవారు. అలాంటివారిలో కూడా నూటికి 35 మంది ఏదో ఒక మాత్ర వదిలేశారన్నమాట!

సంచిలో ఏమున్నాయి?

ఇక మొదటాయన సంగతి. షీటు మీద పెద్దక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. అసలు మందు పేరు చిన్నక్షరాల్లో ఉంటుంది. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్, సిమ్వాస్టాటిన్... చివర 'స్టాటిన్' అని ఉంటే అన్నీ ఒకే కుటుంబం. బషీర్‌బాగ్‌లో గుండె డాక్టరు ఒకటి రాశారు, అశోక్‌నగర్‌లో షుగరు డాక్టరు ఇంకోటి రాశారు. ఒకరు రాసింది ఇంకొకరికి చూపించలేదు. పేర్లు వేరు కాబట్టి మందులూ వేరే అనుకుని రెండూ మింగేస్తారు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్ కలిపిన క్యాప్సూల్స్ మనదగ్గర బాగా వాడుకలో ఉన్నాయి. ఎకోస్ప్రిన్-ఏవీ అలాంటిదే. 'అది రక్తం పలచబడటానికి' అనుకుని విడిగా మరో అటోర్వా వేసుకుంటే మోతాదు రెట్టింపవుతుంది.

మందులు ఒకదానితో ఒకటి కలిసినప్పుడు ఏం జరగవచ్చో ప్రపంచానికి 2001లో తెలిసొచ్చింది. బేయర్ కంపెనీ సెరివాస్టాటిన్ అనే స్టాటిన్‌ను ఆ ఏడాది ఆగస్టులో మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. కండరాలు కరిగి, ఆ వ్యర్థాలు కిడ్నీలను దెబ్బతీయడంతో అప్పటికి ఒక్క అమెరికాలోనే 31 మంది చనిపోయినట్టు నమోదైంది. వారిలో 12 మంది జెమ్‌ఫైబ్రోజిల్ అనే ఇంకో కొవ్వు మందు కూడా వాడుతున్నారు. ఇప్పుడు మనం వాడుతున్న స్టాటిన్లతో అలాంటి ప్రమాదం చాలా చాలా అరుదు. కానీ పాఠం మాత్రం పాతబడలేదు.

అందుకే ఇవి గుర్తుంచుకోండి. క్లారిత్రోమైసిన్ వంటి కొన్ని యాంటీబయాటిక్స్, ఇట్రాకొనజోల్ వంటి ఫంగస్ మందులు సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్ మోతాదును రక్తంలో పెంచేస్తాయి. దగ్గుకనో, గజ్జి తామరకనో వెళ్లినప్పుడు 'నేను కొలెస్టరాల్ మాత్ర వాడుతున్నాను' అని చెప్పి తీరాలి. రక్తపోటుకు ఆమ్లోడిపిన్ వాడేవారు సిమ్వాస్టాటిన్ 20 మిల్లీగ్రాములు దాటకూడదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2011లో పరిమితి పెట్టింది. రోసువాస్టాటిన్ వేసుకునేవారు గ్యాస్ మందు, అదే తెల్లటి యాంటాసిడ్ ద్రవం, తాగాలంటే రెండు గంటలు ఆగి తాగాలి. సిమ్వాస్టాటిన్ రాత్రిపూటే వేసుకోవాలి. అటోర్వా, రోసువా ఎప్పుడైనా సరే, రోజూ ఒకే వేళకు వేసుకుంటే మరిచిపోరు. మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోవద్దు.

అమెరికా ప్రయాణమా?

చిక్కడపల్లి, అశోక్‌నగర్ ఇళ్లలో పిల్లల దగ్గరికి ఆర్నెల్లు వెళ్లొచ్చే అమ్మానాన్నలు తక్కువేం కాదు. ఆవకాయతో పాటు మందులూ సర్దుకుంటారు. అక్కడ ఫ్రిజ్‌లో గ్రేప్‌ఫ్రూట్ రసం కనిపిస్తే కాస్త ఆలోచించండి. పేరు చూసి ద్రాక్ష అనుకునేరు! అది మన పంపర పనసకు దగ్గరి చుట్టం. పేగుల్లో మందును విరగ్గొట్టే ఎంజైమును అది అడ్డుకుంటుంది. రోజూ ఎక్కువగా తాగితే సిమ్వా, అటోర్వా రక్తంలో పేరుకుంటాయి. పంపర పనస విషయంలోనూ అదే జాగ్రత్త మంచిది. బత్తాయి, కమలాపండ్లు మాత్రం నిశ్చింతగా తినొచ్చు.

ఇంకో సంగతి. రోసువాస్టాటిన్ మన ఆసియా వాసుల రక్తంలోకి తెల్లవారి కంటే సుమారు రెట్టింపు చేరుతోందని తేలడంతో, ఆసియా వాసులకు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టాలని ఎఫ్‌డీఏ 2005లో సూచించింది. కాబట్టి 'పక్కింటాయన నలభై వేసుకుంటున్నాడు, నాకు అయిదేనా' అని చిన్నబుచ్చుకోకండి.

ఆ నొప్పి మందుదేనా?

'మాత్ర మొదలెట్టాక ఒళ్లు నొప్పులండీ' అంటారు చాలామంది. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజ్ పరిశోధకులు 2020లో ఒక చక్కని ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. ఇలాంటి ఇబ్బందులతో స్టాటిన్ మానేసిన 60 మందిని తీసుకున్నారు. ఏడాదిపాటు కొన్ని నెలలు అసలు మాత్ర, కొన్ని నెలలు అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏమీ ఇవ్వలేదు. స్టాటిన్‌తో వచ్చిన ఇబ్బందుల్లో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చాయి! ఈ సంగతి చూపించాక వారిలో సగం మంది మళ్లీ స్టాటిన్ మొదలుపెట్టారు.

అలాగని నొప్పి అబద్ధమని కాదు. కారణం థైరాయిడ్ తక్కువగా ఉండటం కావచ్చు, వేరేదేదైనా కావచ్చు. మందు వల్లే అయితే మోతాదు తగ్గించడమో, వేరే స్టాటిన్‌కు మార్చడమో డాక్టరు చేస్తారు. ఆ దారులున్నాయని తెలియకనే చాలామంది చెప్పాపెట్టకుండా ఆపేస్తారు. ఒక్క సందర్భంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. కండరాలు విపరీతంగా నొప్పెట్టి, మెట్లెక్కలేనంత నీరసం వచ్చి, మూత్రం డికాక్షన్ రంగులోకి మారితే మాత్ర ఆపేసి అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లాలి. కళ్లు పచ్చబడినా అంతే.

లివర్ భయమా? మొదలుపెట్టే ముందు పరీక్ష చేయిస్తారు. లక్షణాలేవీ లేకుండా పదేపదే లివర్ పరీక్షలు అక్కర్లేదని ఎఫ్‌డీఏ 2012లోనే చెప్పింది. షుగరు కొద్దిగా పెరిగే అవకాశం ఉందనీ అదే ఏడాది హెచ్చరించింది. గుండెపోటు ముప్పు ఉన్నవారికి దానికంటే లాభమే ఎక్కువ. గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు, పాలిచ్చే తల్లులు మాత్రం డాక్టరును అడగకుండా దీన్ని ముట్టుకోవద్దు.

'మందులెందుకు, గుగ్గులు వాడితే పోలే' అనేవారూ ఉన్నారు. అమెరికాలో 2003లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో గుగ్గులు సారం వాడినవారికి చెడ్డ కొలెస్టరాల్ తగ్గకపోగా కాస్త పెరిగింది! ఇందిరా పార్కులో నడక, పళ్లెంలో వేపుళ్లు తగ్గించడం మాత్రం ఎవరికైనా మంచిదే. అయితే అవి మాత్రకు తోడు. బదులు కాదు.

ఈ ఆదివారం ఓ పని చేయండి. ఇంట్లో పెద్దవాళ్ల మందుల డబ్బా బోర్లించండి. ప్రతి షీటు మీదా చిన్నక్షరాల్లో ఉన్న పేరు, మిల్లీగ్రాములు, ఏ పూట వేసుకోవాలో ఒక కాగితం మీద రాయండి. ఆయుర్వేదం, పసరు మందులు కూడా రాయండి. 'స్టాటిన్' రెండుసార్లు కనిపిస్తే ఫోన్ తీసి డాక్టరుకు చెప్పండి. ఆ కాగితం నాన్నగారి జేబులో ఒకటి, మీ దగ్గర ఒకటి ఉంచండి. మందు వికటించిందన్న అనుమానం వస్తే డాక్టరుకు చెప్పడంతో పాటు జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024కు కూడా తెలియజేయొచ్చు.

మాత్ర మొదలుపెట్టేటప్పుడు డాక్టరును అడుగుతాం. ఆపేటప్పుడూ అడుగుదాం. అంతే!