సీటు సరే, చోటేది?

పీహెచ్‌డీలో చేరి నెలలు గడిచినా గైడ్ ఎవరో తేలని విద్యార్థిని ఏ విశ్వవిద్యాలయంలోనైనా ఇట్టే గుర్తుపట్టవచ్చు. ల్యాబ్‌లో అతనికంటూ ఒక బల్ల ఉండదు. తన బ్యాచ్ వాళ్లంతా ప్రయోగాల్లో మునిగి ఉంటే అతను హెడ్ గది బయట బెంచీ మీద ఫైలు పట్టుకుని కూర్చుని ఉంటాడు. లోపలికి వెళ్తే ‘ఫలానా సార్‌ని అడిగి చూడు’ అంటారు. ఆ సార్ దగ్గరికి వెళ్తే ‘నా దగ్గర ఖాళీల్లేవు’ అంటారు. ఎవరూ కులం పేరెత్తరు, ఎవరూ గట్టిగా మాట్లాడరు. ఊళ్లో అమ్మానాన్నలు మాత్రం మావాడు డాక్టరేట్ చేస్తున్నాడని అందరికీ చెప్పుకుని ఉంటారు.

2008లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఫిజిక్స్ స్కూల్లో, గైడ్ లేని స్థితిలోనే, తమిళనాడు నుంచి వచ్చిన ఒక దళిత పరిశోధక విద్యార్థి ప్రాణాలు తీసుకున్నాడు. గైడ్ల కేటాయింపులో స్పష్టమైన పద్ధతి లేదనీ, ఆ గందరగోళం దెబ్బ ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకే ఎక్కువగా తగిలిందనీ విశ్వవిద్యాలయం వేసిన కమిటీయే చెప్పింది. ఎనిమిదేళ్లకు, 2016 జనవరి 17న, అదే ప్రాంగణం పరిశోధక విద్యార్థి రోహిత్ వేములను పోగొట్టుకుంది. హాస్టల్ నుంచి వెలి, ఆగిన ఫెలోషిప్. అప్పుడు దేశమంతా కదిలింది. బెంచీ మీద కూర్చున్న విద్యార్థి మాత్రం చాలాచోట్ల ఇంకా అక్కడే ఉన్నాడు.

ఎవరు చేరాలో చట్టం చెబుతుంది. చేరాక ఏం జరగాలో మాత్రం స్కూలు చేతిలో ఉంటుంది. డీన్, బోర్డ్ ఆఫ్ స్టడీస్, రీసెర్చ్ కమిటీ, ఇంటర్వ్యూ బోర్డులో కూర్చునే నలుగురు, స్కూలంటే వీళ్లే. వివక్షను సరిదిద్దాల్సింది ముందుగా అక్కడేనని, ఆ పని ఢిల్లీ నుంచి ఉత్తర్వు వచ్చేదాకా ఆగనక్కర్లేదని మా అభిప్రాయం.

వైవా సంగతే చూడండి. జేఎన్‌యూలో ప్రొఫెసర్ అబ్దుల్ నఫే కమిటీ 2016లో ప్రవేశ పరీక్షల మార్కులను వర్గాలవారీగా పరిశీలించింది. రాతపరీక్షకూ వైవాకూ మధ్య మార్కుల తేడా వర్గాన్ని బట్టి ఒకే తీరుగా మారుతోందని, అది వివక్షనే సూచిస్తోందని చెప్పి, వైవా మార్కులను 30 నుంచి 15కు తగ్గించమంది. రాతలో పేపర్ దిద్దేవారికి అభ్యర్థి ముఖం కనిపించదు. వైవాలో ఇంటిపేరు, యాస, చొక్కా, ‘నాన్నగారేం చేస్తారు’ అన్న ప్రశ్నకు వచ్చే జవాబు, అన్నీ తెలిసిపోతాయి. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో రాతకు 70, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఆ 30 ఎవరికెలా పడుతున్నాయో లెక్క తీయడానికి ఒక గుమస్తా, ఒక కంప్యూటర్, ఒక పూట చాలు. ఎన్ని స్కూళ్లు ఆ పని చేశాయి?

ఇంటర్వ్యూ బోర్డులో ఎవరు కూర్చుంటారన్నదీ అంతే ముఖ్యం. అధ్యాపక నియామకాల్లో రిజర్వేషన్లకు విశ్వవిద్యాలయాన్ని కాక డిపార్ట్‌మెంటును యూనిట్‌గా తీసుకోవాలని 2017లో అలహాబాద్ హైకోర్టు తీర్పు ఇచ్చింది. అప్పుడు వర్తించే ‘13 పాయింట్ల రోస్టర్’ అనే వరుస క్రమంలో నాలుగో పోస్టు ఓబీసీకి, ఏడోది ఎస్సీకి, పద్నాలుగోది ఎస్టీకి. మూడే పోస్టులున్న డిపార్ట్‌మెంటులో రిజర్వేషనన్నదే ఉండదు. ఆందోళనల తర్వాత 2019లో పార్లమెంటు చట్టం చేసి మళ్లీ మొత్తం విద్యాసంస్థనే యూనిట్ చేసింది. కానీ చట్టం పోస్టును కేటాయిస్తుందే గానీ నింపదు. మన రెండు తెలుగు రాష్ట్రాల వర్సిటీలూ ఏళ్ల తరబడి గెస్ట్, కాంట్రాక్టు అధ్యాపకులతోనే బండి లాగిస్తున్నాయి. నియామకమే జరగని చోట రోస్టర్ గోడకు వేలాడే కాగితం.

భాష గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఉట్నూరు నుంచి వచ్చిన గోండు అమ్మాయికి ఇంట్లో గోండి, బడిలో తెలుగు, సంతలో మరాఠీ, బస్టాండులో హిందీ వచ్చు. నాలుగు భాషల మనిషి. సెమినార్ హాల్లో అయిదో భాష రాదు కాబట్టి చివరి వరుసలో కూర్చుని నోరు విప్పదు, ‘ఇంటరాక్షన్ తక్కువ’ అని ఇంటర్నల్ మార్కులు పోగొట్టుకుంటుంది. ఉస్మానియా 1918లో మొదలైనప్పుడు బోధన ఉర్దూలోనే సాగింది, తర్వాత వైద్యం, ఇంజనీరింగూ అదే భాషలో చెప్పారు. భారతీయ భాషలో శాస్త్రం చెప్పవచ్చని హైదరాబాద్ నగరమే దేశానికి చూపింది. అలాంటి చోట ప్రశ్నను తెలుగులో అడగనివ్వడం, జవాబును రెండు భాషల్లో చెప్పడం గొంతెమ్మ కోరిక కాదు. అధ్యాపకుడు తెలుగువాడు కాకపోతే పక్కనున్న విద్యార్థి అనువదిస్తాడు, అంతే కదా!

వికలాంగుల విషయంలో చట్టం ఇంకా సూటిగా ఉంది. 2016 హక్కుల చట్టం ఉన్నత విద్యలో కనీసం 5 శాతం సీట్లు ఇవ్వమంది. సీటిచ్చి, క్లాసు మూడో అంతస్తులో పెట్టి, లిఫ్టు పనిచేయదంటే ఆ సీటు ఎవరికిచ్చినట్టు?

ఇదంతా మెరిట్‌ను నీరుగార్చడమేననే వాళ్లున్నారు. హాస్టల్లో మొదటి రోజే ‘నీ ర్యాంకెంత?’ అని అడగడం వెనక ఉన్నదీ ఈ మాటే. అది ర్యాంకు తెలుసుకోవడానికి అడిగే ప్రశ్న కాదని అడిగినవాడికీ తెలుసు, విన్నవాడికీ తెలుసు. కేంద్రీయ విశ్వవిద్యాలయాలు, ఐఐటీలు, ఐఐఎంల నుంచి అయిదేళ్లలో 13 వేల మందికి పైగా ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులు మధ్యలోనే వెళ్లిపోయారని 2023 డిసెంబర్‌లో ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. వేరే కోర్సులకు మారే వీలుంది కాబట్టి వెళ్తుంటారన్నది దాని వివరణ. కొందరు అలా వెళ్లి ఉండవచ్చు. మరి మిగిలినవాళ్లు? నో డ్యూస్ మీద అరడజను సంతకాలు పెట్టించుకునే స్కూలు, ఎందుకు వెళ్తున్నావమ్మా అని ఒక్క మాట అడిగితే తెలిసేది.

సమానావకాశాల విభాగం, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలని యూజీసీ 2012లోనే నిబంధన పెట్టింది. అది అమలు కావడం లేదని 2019లో రోహిత్ తల్లి రాధిక వేముల, ముంబైలో కూతురు డాక్టర్ పాయల్ తడ్వీని పోగొట్టుకున్న ఆబేదా తడ్వీ సుప్రీంకోర్టు మెట్లెక్కారు. బిడ్డలు పోయిన ఇద్దరు తల్లులు అడిగితే తప్ప ఉన్న నిబంధనను పట్టించుకునే దిక్కు లేకపోయింది. 2026 జనవరిలో యూజీసీ కొత్త నిబంధనలు తెస్తే, నెల తిరక్కుండానే సుప్రీంకోర్టు వాటిని నిలిపివేసింది. కోర్టులో అది తేలేటప్పటికి ఎన్ని బ్యాచ్‌లు వెళ్లిపోతాయో!

కొత్త బ్యాచ్ చేరేలోగా ప్రతి స్కూలు డీన్ మూడు కాగితాలు నోటీసు బోర్డుకు అంటించాలని మేం అడుగుతున్నాం. ఒకటి, వర్గాలవారీగా నిరుటి ఇంటర్వ్యూ మార్కులు. రెండోది, ఏ విద్యార్థి ఏ తేదీన చేరాడు, గైడ్ ఏ తేదీన వచ్చారు అన్న పట్టిక. మూడోది, మధ్యలో వెళ్లిపోయినవారి సంఖ్య, వాళ్లు చెప్పిన కారణాలు. పేర్లు అక్కర్లేదు. కోర్స్ వర్క్ మొదలైన రెండు నెలల్లో గైడ్ దొరకని విద్యార్థి ఉంటే, ఆ బాధ్యత డీన్ తన పేరు మీదే రాసుకోవాలి.